పుక్కిలిస్తే పాచి పోదమ్మా

చిట్టితల్లీ,

బాబు రాత్రిళ్లు బ్రష్ చూడగానే నోరు బిగబడుతున్నాడనీ, అందుకని వాడికి మౌత్‌వాష్ అలవాటు చేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. పాలపళ్లేలే, ఎలాగూ ఊడేవేనని వదిలెయ్యనందుకు ముచ్చటేసింది. ఐదేళ్లవాడికి ఆ సీసా అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

పాచి కడిగితే పోయే మురికి కాదు. బ్యాక్టీరియా తమ చుట్టూ తామే జిగురు అల్లుకుని ఎనామిల్‌ని, అంటే పంటి గట్టి పైభాగాన్ని, పట్టుకున్న పొర అది. మౌత్‌వాష్ పైపైన కొన్నింటిని చంపుతుంది గానీ లోపలికి సరిగా దిగదు, పొరని ఊడదియ్యలేదు. నోరు మంచి వాసన వేస్తుంది, పాచి ఉన్నచోటే ఉంటుంది. పైగా ఆరేళ్లలోపు పిల్లలు పుక్కిలించింది మింగేస్తారు. డెంటిస్టు ప్రత్యేకంగా చెబితే తప్ప వాడికి వద్దు. ఆల్కహాల్ ఉన్నదైతే చేతికందేలా కూడా పెట్టకు.

పేస్టు 1000 పీపీఎం (పదిలక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్‌కి తగ్గకుండా, బఠానీ గింజంత. రెండు పూటలా, రెండేసి నిమిషాలు. రాత్రిది మానితే ఊరుకోను: నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాచిలో పుట్టే ఆమ్లాన్ని కడిగే దిక్కుండదు.

అందరిళ్లలో జరిగే తప్పేమిటంటే, బ్రష్ చేతికిచ్చి వదిలెయ్యడం. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చెయ్యి సరిగా తిరగదు; ముందు పళ్లు నాలుగు రుద్ది ఉమ్మేస్తారు. ముందు వాణ్ణి తోముకోనియ్యి, తరవాత నువ్వు తోము. ఎదురుగా కాదు, వెనక నిలబడి వాడి తల నీ పొట్టకి ఆనించుకో, ఎడమ చేత్తో పెదవి ఎత్తు. కుచ్చు చిగురు అంచుకి ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టు. పాచి బాగా పట్టేది ఆ అంచునే. పైవరస వెనక పళ్ల బయటివైపు తోమేటప్పుడు నోరు పెద్దగా తెరవమంటావు చూడు, అలా తెరిస్తే బుగ్గ బిగుసుకుని బ్రష్ దూరదు. సగం మూయమను.

నా భయమంతా ఆరో ఏట వచ్చే దవడపన్ను గురించే. పాలపన్నేదీ ఊడకుండానే చిట్టచివర మొలుస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. అది శాశ్వతమైనది తల్లీ, పోతే మళ్లీ రాదు. పక్క పన్నంత ఎత్తుకి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా బ్రష్ మామూలుగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే దాని మీదుగా దాటిపోతుంది, గాడుల్లో పాచి పేరుకుంటుంది. బుగ్గవైపు నుంచి బ్రష్ అడ్డంగా పెట్టి దాన్ని విడిగా తోమాలి. ఆ గాడుల్ని సీలెంట్ అనే పూతతో మూయించే సంగతీ డెంటిస్టుని అడుగు.

పెద్దదానికి తొమ్మిదేళ్లు కదా, అది ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వాడొచ్చు, బ్రష్‌కి అదనంగా. తోముకున్న వెంటనే మాత్రం వద్దు. రోజూ వాడే మౌత్‌వాష్‌లో ఫ్లోరైడ్ సుమారు 225 పీపీఎం, పేస్టులో దానికి నాలుగైదు రెట్లు. పళ్లమీద ఉన్నదాన్ని కడిగేసుకున్నట్టవుతుంది. నీళ్లతో పుక్కిలించినా అంతే, నురగ ఉమ్మేస్తే చాలు. బడి నుంచి వచ్చాక వాడుకోమను. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందున్న మౌత్‌వాష్ సీసా నీ అంతట నువ్వు కొనకు, కొన్నాళ్లు వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి.

తోమేటప్పుడు చిగురు నుంచి రక్తం కనిపిస్తే భయపడి ఆ చోటు వదిలెయ్యకు. చాలాసార్లు అక్కడ పాచి ఉండిపోవడం వల్లే అలా వస్తుంది. మెత్తగా అక్కడే ఇంకాస్త తోము. రెండు వారాలకీ తగ్గకపోతే డెంటిస్టుకి చూపించు.

మీ పెద్దమ్మ