ధైర్యం చెబితే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. ఆసుపత్రికి వెళ్లే ముందు రాత్రి ఆమెకు కంటి మీద కునుకు ఉండటం లేదు. తన దిగులు వల్లే జబ్బు ముదురుతుందేమోనని భయపడుతోంది. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: దిగులు పడటం వల్ల క్యాన్సర్ ముదురుతుందనడానికి గట్టి ఆధారాలు లేవని ముందుగా అమ్మగారికి చెప్పండి, జబ్బుతో పాటు ఆ నిందను కూడా ఆమె మోయనక్కరలేదు. ‘ధైర్యంగా ఉండు’ అని చుట్టాలు మంచి మనసుతోనే అన్నా, పదే పదే వింటే రోగి తన భయాన్ని లోలోపలే దాచుకునే ప్రమాదం ఉంది కనుక, ఆ రాత్రి పక్కన కూర్చుని, భయం వాంతుల గురించా, ఖర్చు గురించా, జుట్టు రాలడం గురించా అని నెమ్మదిగా అడగండి. వాంతులను ముందుగానే అదుపు చేసే మందులున్నాయి. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ల వల్ల కూడా నిద్ర పట్టకపోవచ్చు. ఆ మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టరు గారిని అడగండి, మీరుగా మార్చకండి.

గడిచిన వారంలో మనసుకు బాధ ఎంతో 0 (అసలు లేదు) నుంచి 10 (భరించలేనంత) వరకు ఒక అంకెలో చెప్పమనండి. 4 లేదా అంతకు మించితే కౌన్సెలింగ్ కావాలని ఆసుపత్రిలో అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యులు మందులు రాస్తే క్యాన్సర్ మందుల చీటీ తప్పక చూపించండి. దిగులు తగ్గించే పారాక్సెటిన్ వంటి మందులు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మందు పనితీరును తగ్గించగలవు.