పక్కింటాయన క్లబ్బుకు రమ్మంటున్నారు, వెళ్ళమంటారా?

ప్రశ్న: మావారి ప్రాజెక్టు కారణంగా ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి వచ్చి ఏడాది కావస్తోంది. నేను మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్నాను. మా పక్కింటి పెద్దాయన ఇక్కడి రోటరీ క్లబ్బు సభ్యులు. మధ్యాహ్న భోజన సమావేశానికి ఒకసారి రమ్మని మా ఇద్దరినీ అడుగుతున్నారు. చందాల భారం పడుతుందేమోనని, వీసాకు ఇబ్బంది వస్తుందేమోనని, అంతా ముసలివాళ్ళే ఉండే చోట మనకేం పనని మావారు వెనకాడుతున్నారు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, వెళ్ళండి. మీరు అడిగిన మూడింటిలో చందాల సంగతి, వీసా సంగతి రెండు మాటల్లో తేలిపోయేవి కనుక వాటిని తర్వాత చెబుతాను. అక్కడ మనకేం పని అన్న మూడో ప్రశ్నకు మాత్రం నేను ఈ దేశం వచ్చిన కొత్తలో తప్పుడు జవాబు చెప్పుకొని కొన్నేళ్ళు నష్టపోయాను. అందువల్ల ఆ కథ కాస్త వివరంగానే చెప్పవలసి ఉంది.

నేనూ మీలాగే మధ్య ఇల్లినాయ్‌లో, మొక్కజొన్న, సోయా చేల నడుమ ఉన్న ఊరికి వచ్చి పడ్డవాణ్ణి. మాది తెనాలి. మా ఊళ్ళో రోటరీ అన్నా లయన్స్ అన్నా డాక్టర్లు, ఆడిటర్లు, రైసుమిల్లు యజమానులు చేరే వ్యవహారమనీ, ప్రమాణ స్వీకారం రోజున శాలువాలు, దండలు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో ఉంటాయనీ మాత్రమే నాకు తెలుసు. (మా నాయనమ్మకు శుక్లాల ఆపరేషను జరిగింది అలాంటివారు పెట్టిన కంటి శిబిరంలోనే అయినా, ఆ వయసులో నాకు కనిపించింది ఫ్లెక్సీ ఒక్కటే.) అందువల్ల ఇక్కడ మా ఆఫీసులోని ఒక పెద్దమనిషి నన్ను రోటరీ క్లబ్బుకు పిలిచినప్పుడు, ఇది డబ్బున్నవాళ్ళ గొడవ అనుకొని, మన మర్యాద ప్రకారం తప్పకుండా వస్తానని చెప్పి, వెళ్ళడం మానేశాను. ఆయన నా పేరున భోజనం చెప్పించి, పక్కన కుర్చీ ఖాళీగా ఉంచుకొని కూర్చున్నాడని చాలా కాలం తర్వాత తెలిసింది. రాలేనివారు రాలేమని చెబితే ఇక్కడివారు నొచ్చుకోరు. వస్తామని రాకపోతే మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

అప్పట్లో నాకు ఏ లోటూ కనిపించలేదన్నది నిజం. శని, ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో తెలుగువాళ్ళమంతా కూడేవాళ్ళం. వినాయక చవితికి మట్టి బొమ్మలు, దసరాకు బొమ్మల కొలువులు, ఉగాదికి పచ్చడి, ఏదీ తక్కువ కాలేదు. అయితే మమ్మల్ని ఆ ఊళ్ళో కలిపి ఉంచింది స్నేహం కాదు, కాంట్రాక్టులు. ఒక పెద్ద ప్రాజెక్టు ముగిసేసరికి కొందరు డాలస్‌కు, కొందరు షార్లట్‌కు, కొందరు అట్లాంటాకు మూటలు కట్టుకున్నారు. ఆ శీతకాలంలో ఒక రాత్రి మా ఆవిడకు కడుపునొప్పి తీవ్రమై ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చినప్పుడు, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలా అని ఫోనులోని పేర్లు చూసుకుంటే, ఉన్నవాళ్ళంతా విమానమెక్కితే తప్ప చేరుకోలేనంత దూరంలో ఉన్నారు. వీధిలో ఇరుపక్కలా ఉన్న ఇళ్ళలో ఒక్కరి పేరైనా నాకు తెలియదు. పిల్లవాణ్ణి దుప్పట్లో చుట్టి, మాతోనే కారులో తీసుకుపోయాం.

మీ తరంవారికి వాట్సాప్ గ్రూపుల్లో వందలమంది ఉంటారు కనుక ఒంటరితనం తమ దాకా రాదనుకుంటారు. వస్తుందమ్మా, పని ముగిసిన ప్రతి సాయంత్రమూ వస్తుంది. పగలంతా ఇంట్లో ఉండే హెచ్-4 ఇల్లాలికైతే పొద్దున తొమ్మిదింటికే వస్తుంది. 2023లో ఈ దేశపు సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరుగా ఉన్న వివేక్ మూర్తి గారు ఒంటరితనం మీద ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రమే విడుదల చేసి, మనుషులతో సంబంధాలు లేకపోవడం రోజుకు పదిహేను సిగరెట్లు తాగినంత హాని చేయవచ్చని చెప్పారు. మన ఇళ్ళలో మధుమేహం గురించి మాట్లాడుకున్నంతగా దీని గురించి మాట్లాడుకోము.

మీవారికి ఇంకో సంగతి చెప్పండి. రోటరీ పుట్టిందే ఒంటరితనంలోంచి. పాల్ హారిస్ అనే యువ న్యాయవాది వెర్మాంట్‌లోని వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో తాత, నానమ్మల దగ్గర పెరిగి, 1896లో షికాగో చేరాడు. ఊళ్ళో అందరూ అందరినీ ఎరిగి ఉండే బతుకు నుంచి వచ్చినవాడికి ఆ మహానగరంలో ఆదివారాలు, పండుగ రోజులు గడవడం కష్టమైంది. కొన్నేళ్ళకు ఒక సాయంత్రం తోటి న్యాయవాది ఒకరితో కలిసి నడుస్తుండగా, ఆయన దారిలోని దుకాణదారులందరినీ పేరుపేరునా పలకరించడం చూసి, నగరంలోనూ ఇలా బతకవచ్చునన్న ఆలోచన హారిస్‌కు కలిగింది. ఆ ఆలోచనే 1905 ఫిబ్రవరి 23న నలుగురి సమావేశమైంది: ఒక న్యాయవాది, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ వ్యాపారి. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు కనుక, వంతుల ప్రకారం తిరిగేది అనే అర్థంలో రోటరీ అన్న పేరు వచ్చింది. ముందు తోడు, తర్వాతనే సేవ. లయన్స్ కూడా 1917లో షికాగోలోనే మొదలైంది. మీరున్న రాష్ట్రమే ఈ రెంటికీ పుట్టిల్లు. వాటి ప్రధాన కార్యాలయాలు నేటికీ ఎవాన్‌స్టన్‌లోనూ ఓక్ బ్రూక్‌లోనూ ఉన్నాయి.

ఆసుపత్రి రాత్రి తర్వాత నేనే సిగ్గు విడిచి ఆ ఆఫీసు పెద్దమనిషిని అడిగి క్లబ్బుకు వెళ్ళాను. వెళ్ళి, చేయదగని పనులన్నీ వరుసగా చేశాను. మొదటి రోజు జేబు నిండా విజిటింగ్ కార్డులు పెట్టుకొని ప్రతి బల్ల దగ్గరా పంచాను. మా క్లబ్బులో సంతోషపు డాలరు అని ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా మంచి కబురు ఉంటే లేచి ఒక డాలరు బుట్టలో వేసి ఆ మాట చెప్పాలి. మనవడు బేస్‌బాల్‌లో బాగా ఆడాడని ఒకరు, భార్య తుంటి ఎముక ఆపరేషను తర్వాత లేచి నడిచిందని ఇంకొకరు, ఒక్కొక్క వాక్యం చెప్పి కూర్చున్నారు. నేను లేచి, నాకు వచ్చిన ప్రమోషను గురించీ మా విభాగం సాధించిన విజయాల గురించీ, ఎదురుగా ఉన్నవారి కాఫీ చల్లారేదాకా ప్రసంగించాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇక్కడి మందలింపు అని తెలుసుకోవడానికి సమయం పట్టింది.

అంతకంటే పెద్ద పొరపాటు డబ్బుతో చేశాను. శనివారం పార్కులో చెత్త ఏరే కార్యక్రమం పెట్టినప్పుడు, ఇంత చదువుకొని అమెరికా వచ్చింది చెత్త ఏరడానికా అనిపించి, వెళ్ళకుండా ఒక చెక్కు రాసి పంపాను. కోశాధికారి మర్యాదగా కృతజ్ఞతా పత్రం పంపాడు. ఆ తర్వాత ఇంకోసారి, ఇంకో చెక్కు. మన దగ్గర విరాళమిచ్చినవారిని వేదిక ఎక్కిస్తారు కనుక అదే గౌరవమనుకున్నాను. రోటరీవారి విరాళాల సంస్థ అయిన రోటరీ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు సమకూరిస్తే పాల్ హారిస్ ఫెలో అని ఒక పిన్ను ఇస్తారు; దాని కోసం కూడా తొందరపడ్డాను. తప్పు పని కాదు, కానీ పిన్ను తగిలించుకున్న తర్వాత కూడా ఆ గదిలో నన్ను ఇంటికి పిలిచినవారు లేరు. చెక్కు రాసినవాడికి రసీదు వస్తుంది. చెత్త సంచి రెండో కొస పట్టుకున్నవాడికి మాటలు కలుస్తాయి. డిసెంబరులో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ పేదల కోసం పెట్టే విరాళాల ఎర్ర డబ్బా పక్కన నిలబడి గంట మోగించే వంతుకు పేరు రాసి, చుట్టాలొచ్చారని మానేసిన రోజున, నా వంతు కూడా కలిపి ఎముకలు కొరికే చలిలో నిలబడిన ఆయనకు డెబ్భై దాటాయి. ఆయన దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగిన నాటి నుంచే నాకు క్లబ్బు మొదలైందని చెప్పాలి.

వసంతంలో మా క్లబ్బు చేసే పాన్‌కేక్ ఉపాహారంలో నాకు పెనం దగ్గర పని ఇచ్చారు. నేను మాంసం తాకనని తెలిసి సాసేజీల పెనం వేరొకరికి అప్పగించి, పిండి పోసి తిప్పే పని నాకు ఉంచారు. దోసెలు పోసే ఇంట పుట్టినవాణ్ణి కనుక అది నా చేతిలో బాగానే కుదిరింది. ఉదయం ఐదున్నర నుంచి పక్కపక్కనే నిలబడి పిండి కలిపేవాళ్ళకు చెప్పుకోవడానికి బోలెడంత సమయం ఉంటుంది. ఒకాయన తన కొడుకు పోయిన సంగతి నాకు చెప్పింది ఆ పెనం దగ్గరే, నా ముఖం చూడకుండా, పిండి వైపు చూస్తూ. ఒకే పని మీద వారం వారం కలుసుకుంటే తప్ప ఇక్కడి మనుషులు తెరుచుకోరు. విందుకు పిలిచి పది రకాలు వండిపెట్టి దగ్గర చేసుకోవాలనుకునే మన పద్ధతి వారికి మొహమాటం కలిగిస్తుంది.

మనం ఇవ్వగలిగింది కూడా ఉందని నాకు తెలిసింది పోలియో వల్ల. 1985 నుంచి రోటరీ దానికి డబ్బు పోగుచేస్తూ వచ్చింది. మా క్లబ్బులోని పెద్దలు ఏటేటా డాలర్లు వేసినవారే కాని, ఆ జబ్బు మనదేశపు వీధుల్లో ఎలా ఉండేదో చూసినవారు కారు. 2011 జనవరిలో హౌరా దగ్గర బయటపడిన కేసు మన దేశంలో సహజ పోలియో వైరస్‌కు చివరిదనీ, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించిందనీ వారికి తెలుసు. నేను తెనాలిలో నాతో చదువుకున్న, మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచే స్నేహితుడి గురించి చెప్పాను. బడిలో ఆటల పీరియడు వచ్చినప్పుడు మా చెప్పులకు కాపలా కూర్చునేవాడని చెప్పాను. ఆ రోజు సమావేశం ముగిసినా ఎవరూ లేవలేదు. తర్వాత మా అమ్మ వీసా వచ్చిందని డాలరు వేసి చెబితే, ఆమె దిగిన వారంలోనే ముగ్గురు ఆడవాళ్ళు పూలకుండీలతో ఇంటికి వచ్చి, మాటలు రాకపోయినా ఆమెతో గంటసేపు కూర్చున్నారు.

అంతా ముసలివాళ్ళేనన్న మీవారి మాట నిజమే, అదే మంచిది కూడా. వారు డాలస్‌కు వెళ్ళిపోరు. ఏ దంతవైద్యుడు మంచివాడో, మంచు పడితే ఏ దారిన పోకూడదో, ఏ బళ్ళో పిల్లవాణ్ణి వెయ్యాలో వారికి తెలుసు. వారికి బల్లలు మోయగలిగిన చేతులు తక్కువ; మీ ఇద్దరికీ అవి ఉన్నాయి. మీరు మీవారి వెంట భార్యగా వెళ్ళి ఒక మూల కూర్చోనక్కరలేదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఈ క్లబ్బుల్లో ఆడవారికి సభ్యత్వం లేదు. 1989లో రోటరీ తన నియమాన్నే మార్చుకుంది. 2022లో జెనిఫర్ జోన్స్ మొత్తం సంస్థకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆయనకు ఆఫీసు వల్ల మధ్యాహ్నాలు కుదరకపోతే మీ ఒక్కరి పేరు మీదే చేరండి. సాయంత్రం కలిసే లయన్స్ మీ ఊళ్ళో ఉంటే ఆయన అక్కడ చూసుకోవచ్చు. లయన్స్‌వారు పాత కళ్ళజోళ్ళు పోగుచేస్తారు కనుక, ఇంట్లో అలాంటివి ఉంటే వారి డబ్బాలో వేసే నెపంతోనే పరిచయం మొదలవుతుంది.

ఇక మిగిలినవి. చందా, భోజనం ఖర్చు క్లబ్బు క్లబ్బుకూ మారుతుంది. పక్కింటాయననే సూటిగా అడగండి, ఇక్కడ అది తప్పు కాదు. ఫౌండేషన్ విరాళం మీ ఇష్టం. జీతం గాని, బదులుగా మరేదైనా గాని పుచ్చుకోకుండా, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పని కాకుండా చేసే స్వచ్ఛంద సేవకు సాధారణంగా హెచ్-4 అడ్డు రాదు; మీ పరిస్థితికి సంబంధించిన వివరాలు మీవారి కంపెనీ లాయరును అడిగి తెలుసుకోండి. పిల్లలతో పనిచేసే కార్యక్రమాలకు మీ పూర్వాపరాలు విచారించే కాగితం మీద సంతకం పెట్టమంటే అవమానంగా తీసుకోకండి, అది అందరికీ ఉన్నదే. సమావేశం మొదట్లో జెండా వందనం, చాలాచోట్ల ఒక చిన్న ప్రార్థన ఉంటాయి. లేచి మౌనంగా నిలబడితే చాలు, మతం మార్చేస్తారన్న భయం నాకూ ఉండేది కాని అది నా ఊహే.

నేను అదే క్లబ్బుకు జులై 1 నుంచి జూన్ 30 దాకా ఒక ఏడాది అధ్యక్షుడిగా పనిచేశాను. మా ఊళ్ళో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి తెలుగువాణ్ణి నేనే. మీరు అంతదాకా రానక్కరలేదు. ఈ వారమే పక్కింటి తలుపు తట్టి, ఏ రోజు వస్తున్నారో తేదీ చెప్పండి, శాకాహారులైతే ఆ మాట కూడా అప్పుడే చెప్పండి. ముందుగా తెలిస్తే వంటవాళ్ళు మీకు వేరే పళ్ళెం సిద్ధం చేస్తారు, లేకపోతే నేను మొదటిసారి తిన్నట్టు ఆకుకూర ముక్కలూ రొట్టే తిని రావలసి ఉంటుంది.