18-18 దగ్గర మా అమ్మాయి చెయ్యి బిగుసుకుపోతోంది

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఎనిమిదో ఏట నుంచీ షటిల్ ఆడుతోంది. రోజూ తెల్లవారుజామున అయిదింటికి నేనే కోర్టుకు తీసుకెళ్తాను. ప్రాక్టీసులో తనకంటే పెద్దవాళ్లను కూడా ఓడిస్తుంది. టోర్నమెంటులో మాత్రం 21 పాయింట్ల గేములో స్కోరు 18-18కి వచ్చేసరికి సర్వీసు నెట్‌కి కొట్టేస్తుంది. ఈ ఏడాది నాలుగు మ్యాచ్‌లు ఇలాగే పోయాయి. పాయింటు పాయింటుకీ నా వైపు చూస్తుంది, నేనూ సైగలతో చెబుతూనే ఉంటాను. మ్యాచ్ వీడియో తీసి, తిరిగొచ్చేటప్పుడు కారులోనే తప్పులు చూపిస్తాను. మొన్న ‘నాన్నా, ఇకనుంచి మ్యాచ్‌లకు నువ్వు రావద్దు’ అనేసింది. దాని కోచింగు కోసం అప్పు కూడా చేశాను. మనసు విరిగిపోయింది. మా అమ్మాయిది పిరికి స్వభావమా? వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి ఆట మాన్పించమంటోంది మా ఆవిడ. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏడేళ్లు తెల్లవారకముందే లేచి కోర్టుకు తీసుకెళ్లిన తండ్రికి ‘రావద్దు’ అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో ఊహించగలను. కానీ ఆటంటే భయం పట్టుకున్న పిల్లలు చాలామంది కాలు నొప్పనో కడుపు నొప్పనో చెప్పి తప్పించుకుంటారు. మీ అమ్మాయి ఉన్న విషయం మీ ముఖం మీదే చెప్పింది. మీ మీద నమ్మకం ఉంది కాబట్టే చెప్పగలిగింది.

ఆమెది పిరికితనం అని నేను అనుకోవడం లేదు. ఇన్నేళ్లలో ఆమె కొట్టిన సర్వీసులకు లెక్కే ఉండదు. ఆ పని చేతికి వచ్చేసింది. 18-18 దగ్గర ఏమవుతుందంటే, చేతికి వచ్చిన పనిని మనసు మళ్లీ తన చేతుల్లోకి తీసుకుంటుంది. మోచెయ్యి సరిగ్గా ఉందా, ర్యాకెట్ గట్టిగా పట్టుకున్నానా అని వెతకడం మొదలుపెడుతుంది. ముగ్గు పెట్టడం బాగా వచ్చిన చెయ్యి చకచకా గీత లాగేస్తుంది. పక్కన ఎవరో నిలబడి వేళ్ల వంకే చూస్తుంటే, ఆ చెయ్యే వంకరపోతుంది. ఇదీ అంతే.

గోల్ఫ్ ఆడేవాళ్లతో చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. బంతి కొట్టే తీరు మీదే దృష్టి పెట్టమంటే, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు మేలు జరిగింది. ఆట బాగా వచ్చినవాళ్లకు మాత్రం ఆట చెడింది. మీ విషయంలో అసలు సంగతి ఇదేనని నాకనిపిస్తోంది. ఎనిమిదేళ్లప్పుడు మీరు పక్కన నిలబడి ‘మోచెయ్యి చూసుకో’ అంటే ఆమెకు పనికొచ్చింది. ఇప్పుడు అదే మాట అడ్డొస్తోంది. మీరేమీ తప్పు నేర్పలేదు, ఆమె ఆ దశ దాటి వచ్చేసింది.

స్వభావం గురించి అడిగారు కాబట్టి పి.వి.సింధును గుర్తుచేస్తాను. 2017లో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి నొజోమీ ఒకుహరా చేతిలో 19-21, 22-20, 20-22 తేడాతో ఓడిపోయింది. గంటా యాభై నిమిషాల మ్యాచ్ అది. 2018 ఫైనల్లోనూ ఓడింది. ఫైనల్స్ అంటే ఆమెకు భయమని అప్పట్లో ఎంతమంది అన్నారో! 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. నాలుగు మ్యాచ్‌లు చూసి పదిహేనేళ్ల పిల్లకు ‘పిరికిది’ అని పేరు పెట్టేయకండి. ఆ మాట ఆమె చెవిన పడితే, తర్వాతి 18-18 దగ్గర అదీ ఆమెతో పాటే కోర్టులోకి వస్తుంది.

సర్వీసు ముందు ఆమె చూపుకు ఒక పని కావాలి. చెయ్యి ఎలా కదలాలి అన్నది వదిలేసి, షటిల్ ఎక్కడ పడాలి అన్న ఒక్క చోటును ఎంచుకోమనండి. పాయింటు అవగానే ర్యాకెట్ తీగలు చూసుకుని, నెమ్మదిగా ఊపిరి వదిలి, ఆ చోటు చూసి, సర్వీసు చెయ్యాలి. 2-2 దగ్గరా 18-18 దగ్గరా ఇదే వరస ఉండాలి, అప్పుడే అవసరానికి అందుతుంది. దీన్ని అలవాటు చేయించాల్సింది కోచ్. వారానికి రెండు మూడు రోజులు ప్రాక్టీసు గేములను నేరుగా 18-18 నుంచే మొదలుపెట్టించమని ఆయన్ను అడగండి. చుట్టూ మిగతా పిల్లలు నిలబడి చూస్తే ఇంకా మంచిది. గుండె దడదడలాడుతున్నా సర్వీసు చెయ్యొచ్చని ఆమెకు అక్కడే తెలియాలి.

ఇక మీ వంతు. సైగలు పూర్తిగా మానెయ్యండి. వీడియో కోచ్‌కి పంపండి, కారులో చూపించకండి. ఓడిన అరగంటలో ఆ పిల్లకు కావాల్సింది ఆకలికింత తిండి, కాసేపు మౌనం. అప్పు సంగతి ఆమె ముందు ఎత్తకండి. ప్రతి సర్వీసు మీదా ఆ బరువు పడుతుంది.

పదో తరగతి గురించి మీ ఆవిడ బెంగ న్యాయమైనదే. పరీక్షల ముందు కొన్ని నెలలు టోర్నమెంట్లు తగ్గించుకోవచ్చు. అయితే ముగ్గురూ కూర్చుని మాట్లాడాకే ఆ నిర్ణయం తీసుకోండి. నిద్ర పట్టకపోవడం, మ్యాచ్ రోజు వాంతులు, కోర్టుకు వెళ్లాలంటేనే ఏడుపు లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా సైకాలజిస్టుకు చూపించండి.

ఒకటి రెండు టోర్నమెంట్లకు ఆమె అన్నట్టే వెళ్లకండి. కోచ్‌తోనో, వాళ్ల అమ్మతోనో పంపండి. ఇంటికొచ్చాక స్కోరు ఆమె చెబితే వినండి, చెప్పకపోతే అడగకండి. తర్వాత ఏదో ఒక రోజు ఆమే ‘వస్తావా నాన్నా’ అంటే, ‘ఎక్కడ కూర్చోమంటావు?’ అని అడిగి అక్కడే కూర్చోండి.