ఫ్లోరిడా నుంచి 30 అడుగుల పాత క్యాబిన్ క్రూజర్ కొని లేక్ లేనియర్‌కు తేవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: జార్జియాలోని లేక్ లేనియర్ అనే మంచినీటి సరస్సులో 21 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే, పైకప్పు లేని బోటు) నడుపుతున్నారు. పిల్లలతో రాత్రిపూట బోటులోనే ఉండేలా పెద్దదానికి మారాలని ఉంది. ఫ్లోరిడాలో 2006 నాటి సీ రే 300 సన్‌డ్యాన్సర్ అనే క్యాబిన్ క్రూజర్ (లోపల పడుకునే గది ఉన్న బోటు) దొరికింది. రెండు మెర్‌క్రూజర్ వీ8 ఇంజిన్లు, బ్రావో త్రీ డ్రైవ్‌లు, మీటరు మీద 600 గంటలు, ధర ఇక్కడికన్నా బాగా తక్కువ. కొనొచ్చా?

కొనొచ్చండీ, కానీ ఆ ధర ఎందుకు తగ్గిందో ముందు లెక్క తేలాలి. అది ఉప్పునీటి బోటు. ఇంజిన్ ఎంతసేపు తిరిగిందో గంటల మీటరు చెబుతుంది గానీ, ఉప్పు ఎన్నేళ్లు తిన్నదో చెప్పదు. తిరగకుండా కట్టేసి ఉన్నప్పుడూ తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అందుకే 600 గంటలు అన్న మాటకు అంతగా మురిసిపోవద్దు.

అన్నిటికన్నా ముందు ఎగ్జాస్ట్ చూడాలి. ఒక్కో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కు పొగను పోగుచేసే మానిఫోల్డులు రెండు, దాన్ని బయటికి మళ్లించే రైజర్లు రెండు ఉంటాయి. రెండు ఇంజిన్లకు కలిపి ఎనిమిది పోత ఇనుప భాగాలు. ఇంజిన్‌ను నేరుగా సముద్రపు నీటితో చల్లబరిస్తే వీటి ఆయుష్షు 5 నుంచి 7 ఏళ్లు, మంచినీళ్లలో అయితే అంతకు రెట్టింపు పైనే. లోపలి గోడ పలచబడి చిల్లుపడితే నీళ్లు ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా సిలిండర్‌లోకి దిగుతాయి, ఇంజిన్ పట్టేస్తుంది. పైన కొత్త నల్ల పెయింటు ఉంటే లోపల బాగున్నట్టు కాదు. మార్చిన తేదీ ఉన్న బిల్లు అడగండి. బిల్లు లేదంటే ఎనిమిదీ మార్చాల్సినవే అనుకుని, కూలీతో సహా ధరలోంచి కొట్టేయండి. ‘క్లోజ్డ్ కూలింగ్ ఉంది కదా’ అంటారు అమ్మేవాళ్లు, అంటే ఇంజిన్ లోపల సముద్రపు నీటికి బదులు కూలెంట్ తిరుగుతుందని. బ్లాకుకు అది రక్షణే. రైజర్ల దగ్గర మాత్రం బయటి నీరే వచ్చి కలుస్తుంది.

తర్వాత డ్రైవ్‌లు, అంటే బోటు వెనక నీళ్లలో ఉండి ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్లకు అందించే భాగాలు. బ్రావో త్రీలో అల్యూమినియం ఒంటికి రెండేసి స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్లు ఉంటాయి. ఉప్పునీళ్లలో ఈ రెండు లోహాలూ కలిస్తే బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం కరుగుతుంది. ఆనోడ్‌లు అనే లోహపు ముక్కలు బిగించేది దాని బదులు కరగడానికే. క్రేన్‌తో బోటును పైకి లేపించి, ప్రొపెల్లర్ల వెనక, డ్రైవ్ అడుగున పెయింటు బుడగలు కట్టిందేమో వేలితో తడిమి చూడండి. బుడగ గీరితే తెల్లటి పొడి రాలి గుంట కనిపిస్తే అది పైపై సంగతి కాదు. లేనియర్‌కు తెచ్చాక ఆనోడ్‌లన్నీ మెగ్నీషియంవి వేయించాలి. జింకు ఆనోడ్ మంచినీళ్లలో పైన పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. అది అరగలేదని సంబరపడుతుంటే డ్రైవ్ అరుగుతూ ఉంటుంది.

బోటుకూ డ్రైవ్‌కూ మధ్య నీళ్లు చొరకుండా ఉండే మడతల రబ్బరు గొట్టం, బెలోస్, చూసినంత చిన్న విషయం కాదు. మీ బౌరైడర్ ట్రైలర్ మీద ఉంటుంది కాబట్టి అది చిరిగినా మీకు తెలియకుండా గడిచిపోవచ్చు. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే బోటుకు అది చిరిగితే నీళ్లు ముందు జాయింటునూ బేరింగునూ పాడుచేస్తాయి, లోపలి సీలు కూడా పోతే బోటే మునుగుతుంది. మడతల లోపల పగుళ్లు చూడండి. మార్చి ఐదేళ్లు దాటితే మార్పించండి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు వెనక నుంచి గురగుర వినిపిస్తే డ్రైవ్ షాఫ్టును మోసే గింబల్ బేరింగును అనుమానించాలి. డ్రైవ్ ఆయిలు కొంచెం బయటికి తీయించండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే.

బోటును నీళ్లలో నడిపి చూసే ట్రయల్‌కు వెళ్లేసరికి ఇంజిన్లు చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఆ రోజు ట్రయల్ వద్దనండి. స్టార్టు చేసేముందు, ఇంజిన్ గదిలోంచి పెట్రోలు ఆవిరిని లాగేసే బ్లోయర్ నాలుగు నిమిషాలు తిరగాలి. నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు రెండు ఇంజిన్లూ మాన్యువల్‌లో ఉన్న ఆర్‌పీఎంకు చేరాలి. ఒకటి వెనకబడితే కారణం తేలాకే బేరం. జెనరేటర్‌ను ఉత్తినే తిప్పితే లాభం లేదు, ఏసీ వేసి అరగంట నడిపించండి. ఇక టాయిలెట్ పైపులు: వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పైపును రుద్ది, గుడ్డ చల్లారాక వాసన చూడండి. కంపు కొడితే పైపు గోడలోంచే ఊరుతోందన్నమాట, మార్చక తప్పదు. క్యాబిన్‌లో పడుకునేవాళ్లకు ఇది ఇంజిన్ కన్నా ముఖ్యం.

హల్‌కు (బోటు ఒంటికి) ఎస్‌ఏఎంఎస్ లేదా ఎన్‌ఏఎంఎస్ అనే బోటు సర్వేయర్ల సంఘాల గుర్తింపు ఉన్న సర్వేయర్, ఇంజిన్లకు వేరే మెకానిక్ కావాలి. అమ్మే బ్రోకరు చూపించినవాళ్లు వద్దు. ట్రాన్సమ్‌లోనూ (బోటు వెనక గోడ), డెక్ మీద బిగించిన ప్రతి స్క్రూ చుట్టూ తేమ కొలిపించాలి. ఈ ఖర్చుకు జంకితే ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే. పైగా ఇంత పాత బోటుకు సర్వే లేకుండా ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ‘సర్వే, ట్రయల్ నచ్చితేనే’ అని ఒప్పందంలో రాయించండి.

కాగితాల దగ్గర ఒక తిరకాసు ఉంది. ఫ్లోరిడాలో బోటుకు టైటిల్ (యాజమాన్య పత్రం) ఉంటుంది, జార్జియాలో రిజిస్ట్రేషనే తప్ప టైటిల్ లేదు. ఫ్లోరిడా టైటిల్ మీద బ్యాంకు అప్పు తీరినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ (కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉన్న బోటైతే, యజమానులూ అప్పుల చరిత్రా చూపే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ తెప్పించండి. ట్రాన్సమ్ కుడివైపు చెక్కిన 12 అక్షరాలూ అంకెల హెచ్‌ఐఎన్ (బోటు గుర్తింపు) నంబరు అన్ని కాగితాల్లోనూ ఒకటే ఉండాలి.

మీ ట్రక్కుతో లాక్కురావడం కుదరదు. వెడల్పు 10 అడుగులు దాటుతుంది, 8 అడుగుల 6 అంగుళాలు మించితే రోడ్డుకు పర్మిట్ కావాలి. రవాణా ఖర్చూ, ఆ వెడల్పుకు సరిపడే, బోటు కట్టుకునే స్లిప్ అద్దె కూడా ధరలో కలుపుకోండి. పెట్రోలు మామూలు వేగంలో రెండు ఇంజిన్లకూ కలిపి గంటకు 25 గ్యాలన్ల దరిదాపు. ఫ్లోరిడాలో ఎవరూ పట్టించుకోని చలికాలపు పని ఇక్కడ తప్పదు: ఇంజిన్లు, జెనరేటర్, ఏసీ, మంచినీటి పైపులు అన్నిట్లోంచీ నీళ్లు తీసేయాలి. బ్లాకులో మిగిలిన నీరు గడ్డకడితే బ్లాకు పగులుతుంది.

ఇదంతా కలిపి చూస్తే, మంచినీళ్లలోనే పెరిగిన బోటు కొంత ఎక్కువ పెట్టి కొనడమే నాకు సబబనిపిస్తుంది. నెలకు ఒకటి రెండు రాత్రులే అయితే ఒకే ఇంజిన్ ఉన్న 26 అడుగులదీ సరిపోతుంది.

ఏది కొన్నా పిల్లలకు రెండు కట్టుబాట్లు పెట్టండి. జెనరేటర్ తిరుగుతుంటే వెనక స్విమ్ ప్లాట్‌ఫారం మీద ఎవరూ ఉండకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అక్కడే చేరుతుంది. కరెంటు ఉన్న డాక్ (బోట్లు కట్టే గట్టు) దగ్గర ఈదకూడదు. మంచినీటికన్నా మనిషి ఒంట్లోంచే కరెంటు తేలిగ్గా పోతుంది, కాబట్టి ఏదో ఒక బోటు వైరింగు లీకైనా కాళ్లూ చేతులూ ఆడక మునిగిపోతారు.