మహమ్మారి వేళ ప్రభుత్వం ఎలా చెబితే జనం వింటారు?

కరోనా లాంటిది మళ్లీ వస్తే ప్రభుత్వం జనానికి ఎలా చెప్పాలని అడిగారు. నేను ఆరోగ్యశాఖ మనిషిని కాను. మాది విజయవాడ కృష్ణలంక. 2020 ఏప్రిల్‌లో మా ప్రాంతం రెడ్ జోన్. అప్పుడు ప్రభుత్వం చెప్పినవన్నీ విన్నవాళ్ల వైపు నుంచి నాలుగు ముక్కలు రాస్తాను.

అప్పట్లో ఎవరికి ఫోన్ చేసినా, కరోనా జాగ్రత్తల కాలర్ ట్యూన్‌లో ముందు దగ్గు వినపడేది. మొదటిసారి విని మా అమ్మ, "అయ్యో, మావయ్యకి దగ్గు పట్టుకున్నట్టుందిరా" అని కంగారుపడింది. పోరాడాల్సింది రోగంతో గానీ రోగితో కాదు అని కూడా అందులో చెప్పేవారు. మంచి మాటే. కానీ మా సందులో ఒకరికి పాజిటివ్ రాగానే గేటుకి నోటీసు అంటించి, అడ్డంగా కర్రలు కట్టారు. పాలబ్బాయి ఆ ఇంటికే కాదు, ఆ వరసకే రావడం మానేశాడు. ఆ తర్వాత ఎదురింట్లో జ్వరం వస్తే ఎవరికీ చెప్పలేదు, గుట్టుగా పారాసిటమాల్ తెప్పించుకుని వేసుకున్నారు. ఫోన్లో మాట ఒకటి, గేటు మీద రాత ఒకటి. జనం గేటునే నమ్మారు. విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప ఇళ్లకు ఇలా పోస్టర్లు అంటించొద్దని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 డిసెంబరు వచ్చింది.

మైకు ఆటో సంగతీ అంతే. పొద్దస్తమానం "బయటకు రావద్దు" అని తిరిగితే ఎవరూ పట్టించుకోలేదు. కూరగాయల బండి ఏ మలుపులోకి ఎన్నింటికి వస్తుందో చెప్పడం మొదలుపెట్టాక, టీవీ సౌండ్ తగ్గించి మరీ విన్నాం.

అసలు చెప్పాలనుకున్నది టీకా గురించి. అమ్మకి 2021 ఏప్రిల్‌లో కోవిషీల్డ్ మొదటి డోసు పడింది. రెండో డోసుకి మొదట 4 నుంచి 6 వారాలన్నారు, మార్చిలో 6 నుంచి 8 చేశారు, మే 13న ఏకంగా 12 నుంచి 16 వారాలన్నారు. "మందు లేక కబుర్లు చెబుతున్నారు, నేనిక వేయించుకోను" అని అమ్మ భీష్మించుకుంది. నేనెన్ని లింకులు చూపించినా వినలేదు.

ఒకరోజు వార్డు సచివాలయం నర్సు (ఏఎన్ఎం) వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "స్టాక్ తక్కువున్న మాట నిజమే పిన్నిగారూ. గ్యాప్ ఎక్కువుంటే టీకా బాగా పనిచేస్తోందని వేరే దేశాల్లో తేలిన మాటా నిజమే" అంది. టీవీలో మేం చూసిన పెద్ద డాక్టర్లు చెప్పింది కూడా ఆ రెండో ముక్కే. మొదటిది ఒప్పుకున్న మనిషి మాకు ఈవిడొక్కతే కనపడింది. అమ్మ ఇంకేం వాదించలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి ఆవిడ చేతికిచ్చి, జులైలో ఏ తేదీయో పెన్నుతో చుట్టించుకుంది.

ఆ తేదీ వచ్చిన రోజు పొద్దున్నే అమ్మ టిఫిన్ కూడా తినకుండా బయల్దేరబోతుంటే నేనే ఆపి రెండు ఇడ్లీలు పెట్టాను.