పుస్తకం తీస్తే కడుపునొప్పి అంటున్నాడు.. ఇంట్లో చదవడం, రాయడం ఎలా నేర్పాలి?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రెండో తరగతి. ఆటల్లో, మాటల్లో చురుకు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం తీస్తే మాత్రం కడుపునొప్పి అంటాడు, లేదా నీళ్లు తాగొస్తానని వెళ్లి ఇక రాడు. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయిస్తే రాస్తాడు, మర్నాడు మళ్లీ అదే తప్పు. కొన్ని అక్షరాలు తిరగేసి రాస్తాడు. వాళ్ల నాన్నకు కూడా చదవడం ఆలస్యంగా వచ్చిందట. ఇది బద్ధకమా? తెలివి తక్కువా? జ్ఞాపకశక్తికి టానిక్ ఏమైనా ఇవ్వాలా? ఇంట్లో నేనెలా నేర్పాలి? - ఒక తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది బద్ధకంలా లేదు. విన్న కథను పొల్లుపోకుండా చెప్పే పిల్లవాడికి జ్ఞాపకశక్తికీ, అర్థం చేసుకునే శక్తికీ లోటు ఉందని అనుకోనక్కర్లేదు. కంటికి కనిపించిన అక్షరాన్ని ధ్వనిగా మార్చుకునే దారిలో ఎక్కడో చిక్కు పడి ఉండొచ్చు. ఏడేళ్లవాడు 'నాకిది రావడం లేదమ్మా' అని విడమరచి చెప్పలేడు. 'నాకొద్దు' అంటాడు. కాబట్టి ముందు ఆ చిక్కు ఎక్కడుందో వెతకాలి. నేర్పడం ఆ తర్వాతి పని.

టానిక్ కొనకండి. ఏ టానిక్కూ చదవడం నేర్పదు.

ముందు కళ్లు, చెవులు

కంటి పరీక్ష అంటే గోడ మీది అక్షరాలు చదివించి పంపేయడం కాదు. పిల్లల కంటి కండరాలకు బలం ఎక్కువ. దగ్గరి చూపులో ఉన్న లోపాన్ని అవి కాసేపు సర్దేస్తాయి. అందుకే కంట్లో చుక్కలు వేసి, ఆ కండరాలను వదులు చేసి చూసే పరీక్ష చేయించండి. చదివేటప్పుడు ఒక కన్ను మూసుకోవడం, పుస్తకాన్ని ముఖానికి ఆనించుకోవడం, తలనొప్పి ఉంటే వైద్యులకు తప్పక చెప్పండి.

జలుబు తరచూ చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి కొంత మందగించవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. ఒకరోజు బాగా వినిపిస్తుంది, ఇంకోరోజు వినిపించదు. స, త, క లాంటి సన్నని ధ్వనులు జారిపోతే పిల్లవాడు వాటిని రాయడమెలా? ఒకసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. గురక పెడుతున్నా, నోటితో గాలి పీల్చుకుంటున్నా అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే కండలు) వాచాయేమో వైద్యులకు చూపించండి. ఈ వయసు వారికి రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పాలిపోయి, త్వరగా అలసిపోతుంటే రక్తపరీక్ష చేయించండి. పరీక్ష లేకుండా ఐరన్ మందు వేయొద్దు.

ఇంకోటి. మాట్లాడుతూనో, తింటూనో ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, పిలిచినా పలకక, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తున్నాడా? రోజులో పలుమార్లు ఇలా అవుతుంటే అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకం మూర్ఛ కావచ్చు. ఫోన్‌లో వీడియో తీసి పిల్లల వైద్యులకు చూపించండి.

కడుపునొప్పి విషయం. బడి ఉన్న రోజుల్లోనే, పుస్తకం తీసినప్పుడే వచ్చి, సెలవుల్లో మాయమైతే అది ఆందోళన వల్ల వచ్చే నొప్పి కావచ్చు. నటన కాదు, వాడికి నిజంగానే నొప్పి పుడుతుంది. అయితే నిద్రలోంచి లేపేంత నొప్పి, వాంతులు, బరువు తగ్గడం, మలంలో రక్తం ఉంటే మాత్రం చదువుతో ముడిపెట్టకుండా వెంటనే చూపించండి.

ఎక్కడ ఆగిపోయాడు?

ఒక సాయంత్రం, ఆటలాగే, ఈ పని చేయండి. కాగితాలపై పది పది చొప్పున ఐదు వరసలు రాసుకోండి. మొదటిది వరస మార్చిన ఒంటి అక్షరాలు. రెండోది గుణింతం లేని మాటలు: తల, వల, పలక, పడవ. మూడోది గుణింతంతో: కాకి, మేక, కోతి, పిలుపు. నాలుగోది అదే అక్షరానికి అదే ఒత్తు: అమ్మ, కుక్క, పిల్లి. ఐదోది వేరే అక్షరం ఒత్తు: పుస్తకం, పత్రిక, సూర్యుడు. సరిదిద్దకండి, ముఖం మార్చకండి, గుర్తు పెట్టుకోండి చాలు. పదిలో ఎనిమిది కంటే తక్కువ వచ్చిన మొదటి వరస ఏదో, మీ పాఠం అక్కడ మొదలవుతుంది. తరగతి పుస్తకం ఐదో వరసలో ఉండి, పిల్లవాడు మూడో వరసలో ఉంటే రోజూ ఓడిపోవడమే వాడి పని అవుతుంది. నీళ్ల నెపం అందుకే.

గుణింతం దగ్గర మోసపోకండి. 'క, కా, కి, కీ' అని గడగడా అప్పజెప్పే పిల్లవాడికి విడిగా 'కే' చూపిస్తే, మళ్లీ 'క' నుంచి లోలోపల లెక్కపెట్టుకుంటూ వస్తాడు. అది పాట రావడం, చదవడం కాదు. గుణింతాన్ని నిలువుగా నేర్పండి: ఒక రోజు గుడి మాత్రమే తీసుకుని కి, మి, పి, తి, లి. ఆ గుర్తు ఏ అక్షరం మీద ఉన్నా 'ఇ' అనే పలుకుతుందని అప్పుడు తెలుస్తుంది. పోలికలున్న అక్షరాలను ఒకే రోజు పక్కపక్కన పెట్టొద్దు. ప, ష ఒక గుంపు. వ, మ, య ఒకటి. ద, థ, ధ ఇంకొకటి. బ, భ మరొకటి. ఒకటి తడబాటు లేకుండా వచ్చాకే దాని జోడీని తీయండి. రెండూ ఒకేసారి చూపిస్తే ఆ గందరగోళం చాలాకాలం ఉండిపోతుంది.

రోజుకు పదిహేను నిమిషాలు, అంతకు మించొద్దు

వారానికి ఐదు రోజులు, ఒకే వేళకు. బడి నుంచి రాగానే కాదు, తిని కాసేపు ఆడుకున్నాక. మొదటి మూడు నిమిషాలు పది కార్డులు: ఎనిమిది వచ్చినవి, రెండు కొత్తవి. ఈ లెక్క మార్చకండి. వరసగా మూడు రోజులు తడుముకోకుండా చెప్పిన కార్డును పాతవాటిలో కలిపి, వారం తర్వాత మళ్లీ ఒకసారి చూపండి. తర్వాత ఐదు నిమిషాలు ఆ రోజు కొత్త సంగతి. ఆపైన ఐదు నిమిషాలు కలిసి చదవడం. చివరి రెండు నిమిషాలు మీరు చదువుతారు, వాడు వింటాడంతే.

కలిసి చదివేటప్పుడు ఇద్దరూ ఒకే గొంతుగా మొదలుపెట్టండి. వాడు ధైర్యం వచ్చి మీ చేతిని తడితే మీరు ఆపేసి వాణ్ని చదవనివ్వండి. తప్పితే ఐదు సెకన్లు ఊరుకోండి. చాలామంది తల్లిదండ్రులకు ఈ ఐదు సెకన్లే కష్టం. పిల్లలు తమంతట తాము దిద్దుకునేదీ అప్పుడే. రాకపోతే మొదటి అక్షరం అందించండి. అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి ముందుకు సాగండి. బొమ్మ చూసి ఊహించి చెబుతుంటే బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, చదివాక తీయండి. నూరు మాటల్లో పదికి మించి తప్పులొస్తే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు. ఐదులోపు వస్తే సొంతంగా చదువుకోవచ్చు.

ఏడుపు వస్తే గడియారం చూడకుండా ఆపేయండి. ఆపే ముందు బాగా వచ్చిన కార్డు ఒకటి చదివించండి, రేపు కూర్చోవడానికి అదే ఆసరా. అల్లరి చేస్తే శిక్షగా చదివించడం, చదవలేదని ఆట మాన్పించడం రెండూ మానేయండి.

ఒత్తుల దగ్గర ఎందుకు తడబడతారు?

మన రాతలో ఒక మెలిక ఉంది, పెద్దలకు అలవాటైపోయి కనిపించదు. 'పత్రిక'లో గుడి పైనున్న 'త' మీద ఉంటుంది. కానీ ఆ 'ఇ' పలికేది కిందున్న 'ర' తర్వాత. కంటికి కనిపించే వరస ఒకటి, నోరు పలికే వరస ఇంకొకటి. అందుకే పిల్లలు 'పతిర్క' అని చదువుతారు. అది అజాగ్రత్త కాదు, కనిపించింది కనిపించినట్టు చదివారు. దీనికి మూడు మెట్లు: ముందు త్, తర్వాత ర్, చివర గుర్తు. వేలితో పైన, కింద, మళ్లీ పైన తాకుతూ 'త్.. ర్.. ఇ.. త్రి' అనిపించండి.

గ, డ, ద, ప లాంటివాటికి ఒత్తు చాలావరకు అదే అక్షరం తలకట్టు తీసేసినట్టు ఉంటుంది. త, న, మ, య, ర ఒత్తులకు మాత్రం సొంత అక్షరంతో పోలికే లేదు. ఇవి కొత్త అక్షరాలే అనుకుని ఒక్కోదానికి మూడు నాలుగు రోజులు ఇవ్వండి.

స్పెల్లింగ్ దగ్గర తప్పు, పలికేటప్పుడు మాటను మనం విరిచే తీరుతో మొదలవుతుంది. మనం 'పుస్-త-కం' అని పలుకుతాం, రాసేది 'పు-స్త-కం'. 'అమ్-మ' అంటాం, రాసేది 'అ-మ్మ'. చెవి చెప్పినట్టు రాస్తే 'పుసతకం', 'అమ' అవుతాయి. రాయించే ముందు రాతలో ఎలా విడిపోతుందో అలా పలికిస్తూ, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి గీసి ఇవ్వండి. పుస్తకానికి మూడు గడులు. రెండో గడిలో పైనా కిందా రెండు ఉండాలని గీత గీసి చూపితే ఒత్తు మరిచిపోడు.

పదిసార్లు రాయిస్తే ఎందుకు రాదు? ఎదురుగా ఉన్న మాటను ఒక్కో అక్షరం చూసి దించుకుంటాడు. చెయ్యి పనిచేస్తుంది, గుర్తుతెచ్చుకునే పని ఎప్పుడూ జరగదు. దాని బదులు చూడటం, పలకడం, మూసేయడం, రాయడం, తెరిచి సరిచూసుకోవడం. సరిచూసేది మీరు కాదు, వాడు. రోజుకు ఐదు మాటలు చాలు: మూడు కొత్తవి, రెండు పాతవి. అదే మాటను మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ అడగండి. తప్పు వస్తే మాటంతా కొట్టేయకండి. 'నాలుగు అక్షరాల్లో మూడు సరిగ్గా ఉన్నాయి, ఈ ఒక్కటి చూద్దాం' అనండి. పెన్సిల్ పట్టుకుంటేనే చెయ్యి నొప్పి అనే పిల్లలకు కొన్నాళ్లు అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టించండి. స్పెల్లింగ్ వేరు, చేతిరాత వేరు. రెండూ ఒకేసారి మోయించొద్దు.

ఇంగ్లిష్‌కు ఒక మాట. తెలుగులో అక్షరం పేరూ ధ్వనీ ఒకటే, అక్కడ కాదు. సీ, ఏ, టీ అని ఎంత వేగంగా అన్నా క్యాట్ రాదు. పేర్లు పక్కన పెట్టి ధ్వనులు నేర్పండి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఈ ఆరింటితో మొదలుపెడితే సిట్, పిన్, ట్యాప్ వంటి మాటలు వెంటనే కట్టొచ్చు. తెలుగు హల్లుకు 'అ' అంటుకునే ఉంటుంది కాబట్టి మన పిల్లలు అక్కడా 'ట', 'ప' అనేస్తారు. పొల్లుగా, పొట్టిగా 'ట్', 'ప్' అనిపించండి. లేకపోతే ధ్వనులు కలపడం కుదరదు.

డిస్లెక్సియా కావచ్చా?

డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం. అక్షరాలు తిరగేసి రాయడం ఒక్కటే చూసి అదేనని భయపడకండి. ఏడేళ్ల వరకు చాలామంది పిల్లలు అలా రాస్తారు. కానీ తండ్రికి ఆలస్యంగా రావడాన్ని నేను పక్కన పెట్టను, ఇది కుటుంబాల్లో కొనసాగేదే. దీనితోపాటు మాటలు ఆలస్యంగా రావడం, ప్రాస కలిసే మాటలు పట్టుకోలేకపోవడం, వారాల పేర్లు వరసగా చెప్పలేకపోవడం ఉంటే అనుమానం బలపడుతుంది. ఇది కంటి జబ్బు కాదు, రంగు అద్దాలతో తగ్గదు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. చురుకైనవాడు, పెద్ద అంకెల గుణకారాలు చేసేవాడు, ఏడేళ్ల నుంచి చదివిస్తున్నా చదవడం మాత్రం రాలేదు.

పైన చెప్పినట్టు క్రమంగా ఆరు నెలలు నేర్పినా కదలిక లేకపోతే పిల్లల ఎదుగుదల నిపుణులకో, పిల్లల సైకాలజిస్టుకో చూపించి పరీక్షలు చేయించండి. రెండు భాషలు నేర్చుకుంటున్నాడు కాబట్టి రెండింటిలోనూ పరీక్షించమని అడగండి. వచ్చిన చదువు, వచ్చిన మాటలు వెనక్కి పోతుంటే మాత్రం ఆరు నెలలు ఆగకూడదు, ఆ వారమే వైద్యులకు చూపించాలి.

ఈ రోజు నుంచే ఒక చిన్న నోటుబుక్ పెట్టండి. తేదీ, ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు, ఏ వరస, పదిలో ఎన్ని, ఎక్కడ తడబడ్డాడు. అంతే, ఒక్కో రోజుకు ఒక్క పంక్తి. రేపు నిపుణుల దగ్గరికి వెళ్లాల్సి వస్తే పరీక్షల రిపోర్టులతో పాటు ఆ నోటుబుక్కునూ, వాడు సొంతంగా రాసిన నాలుగైదు కాగితాలను దిద్దకుండా అలాగే తీసుకెళ్లండి.