పార్సిల్ చిరునామా సరిగా లేదంటూ వచ్చే మెసేజ్ అసలుదో నకిలీదో గుర్తుపట్టడం ఎలా?

ఆన్‌లైన్ దుకాణాల పేరుతో వచ్చే నకిలీ మెసేజ్‌ను చూడగానే గుర్తుపట్టే ఉపాయం చెప్పమని అడిగారు. నన్నడిగితే, చూడగానే గుర్తుపట్టేయగలమన్న ధీమాయే మనల్ని ముంచుతోంది. అక్షర దోషాలుంటే నకిలీది అన్న పాత సలహాకు కాలం చెల్లింది. ఇప్పుడు మోసగాళ్లు పంపే ఇంగ్లీషు కొన్ని అసలు కంపెనీలు పంపే ఇంగ్లీషు కంటే శుభ్రంగా ఉంటోంది.

గుంటూరు అరండల్‌పేటలో నాకు జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. ఆ మధ్య బ్రాడీపేటలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారొకరు వచ్చి, తన డెబిట్ కార్డు వెనుక అరిగిపోయిన మూడంకెలను చదివిపెట్టమన్నారు. ఎందుకండీ అంటే ఫోను చూపించారు. ఆయన తెప్పించుకుంటున్న మోకాలి పట్టీ ఇల్లు దొరకక వెనక్కి వెళ్లిపోతోందట, పన్నెండు గంటల్లోగా చిరునామా సరిచేసి, మళ్లీ తెచ్చివ్వడానికి పాతిక రూపాయలు కట్టాలట. ఒకటో రెండో అంకెలతో లైనూ అడ్డరోడ్డూ చెప్పేసే బ్రాడీపేట చిరునామాలు కొత్తగా చేరిన డెలివరీ కుర్రాళ్లకు నిజంగానే అర్థం కావు గనుక, ఆయన దాన్ని నమ్మడంలో వింతేమీ లేదు.

"పాతిక రూపాయలే కదయ్యా, కట్టేస్తే ఓ పనైపోతుంది" అన్నారాయన.

మెసేజ్ పంపిన నంబరు +63తో మొదలైంది. అది ఫిలిప్పీన్స్ దేశపు కోడ్. మోకాలి పట్టీ గురించి అక్కడి నుంచి కబురు రావలసిన అవసరం లేదు. లింకులో దుకాణం పేరు ఉన్న మాట నిజమే గానీ, దాని పక్కన ఒక అడ్డగీత, ఆ తరువాత డెలివరీ అన్న మాట, చివరన డాట్ టాప్ ఉన్నాయి, అంటే అది దుకాణం సొంత సైటు కాదు. పేజీ పైన ఉన్న దుకాణం బొమ్మ మీద నొక్కితే ఎక్కడికీ వెళ్లలేదు. ఆ పేజీలో పనిచేస్తున్నది కార్డు వివరాలు అడిగే గడులు మాత్రమే. కార్డు నంబరు, గడువు తేదీ మాస్టారు అప్పటికే నింపేశారు. మూడంకెలు అరిగిపోయి ఉండబట్టి ఆగారు.

ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. "నేను సరుకు తెప్పించుకుంటున్నట్టు వాళ్లకెలా తెలిసింది మరి?" అని నిలదీశారు. నా లెక్కలో వాళ్లకు తెలియనక్కరలేదు. ఒకే మెసేజ్‌ను కుప్పలుగా పంపితే, ఏ పూటకాపూట ఏదో ఒక పార్సిల్ కోసం ఎదురుచూసే ఇళ్లు ఎన్నో తగులుతాయి. ఈ మాట కంటే, ఆ దుకాణం యాప్ తెరిచి చూపించడమే పనిచేసింది. పార్సిల్ ఇంకా విజయవాడ దాటలేదు. గుంటూరుకే రాని సరుకు బ్రాడీపేటలో ఇల్లు దొరకక వెనక్కెలా పోతుందో ఆయనే లెక్క కట్టుకున్నారు. అంకెలు కొన్ని ఆ పేజీలోకి వెళ్లాయి గనుక, వెంటనే బ్యాంకుకు తీసుకెళ్లి కార్డును బ్లాక్ చేయించాను.

కాబట్టి నేను పాటించేది ఒకటే: మెసేజ్ మంచిదైనా చెడ్డదైనా అందులోని లింకును ముట్టుకోను, యాప్‌ను నేనే తెరిచి ఆర్డర్ల జాబితాలో చూసుకుంటాను. అక్కడ లేని సమస్య నాకు లేనట్టే. రీఫండ్ ఇస్తామంటూ యూపీఐ పిన్ కొట్టమంటే, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదని, పోవడానికే కావాలని మా దుకాణంలో రాసి అంటించాను. ఓటీపీ వచ్చినప్పుడు అంకెలే కాకుండా మెసేజ్ మొత్తం చదవండి. కార్డు చెల్లింపు ఓటీపీలో చాలాసార్లు ఎంత సొమ్ము, ఎవరికి పోతోందో ఉంటుంది.

ఈ విషయంలో అసలు దుకాణాల మీద కూడా నాకు కోపం ఉంది. లింకులు నొక్కవద్దని ప్రకటనలిచ్చే కంపెనీలే ఎక్కడికి వెళ్తుందో తెలియని పొట్టి లింకులు పంపుతాయి, అదీ పెద్దవాళ్లకు అర్థం కాని ఇంగ్లీషులో. అలా నొక్కించి అలవాటు చేసింది వీళ్లైతే, ఆ అలవాటును వాడుకుంటున్నది మోసగాళ్లు. వ్యాపార సందేశాల్లో ముందుగా నమోదు చేసిన లింకులే ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది. 2025లో పంపినవారి పేరు చివర ప్రచారానికి పీ, సేవలకు ఎస్, లావాదేవీలకు టీ, ప్రభుత్వానికి జీ అనే గుర్తులు కూడా వచ్చాయి. మంచివే, కానీ వాట్సాప్‌లోనో విదేశీ నంబరు నుంచో వచ్చేదాన్ని అవి ఆపలేవు.

డబ్బు పోతే మాత్రం బంధువులను సలహా అడుగుతూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. సొమ్ము ఖాతాలు మారేలోపు చెబితేనే దాన్ని నిలిపే వీలుంటుంది. డబ్బు పోకుండా మెసేజ్ మాత్రమే వస్తే, కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు చేయవచ్చు. మాస్టారి చేత ఆ ఫిర్యాదు నేనే పెట్టించాను, జిరాక్సు గిరాకీ కాసేపు నిలబడాల్సి వచ్చింది.